సిమిలిగుడ షెడ్డు హస్తవాసి: నా బండి వెనక బ్రేకు పని

ఒడిశా కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో బస్టాండు దాటి కోరాపుట్ వైపు వెళ్తుంటే, పంచర్లు వేసే రెండు బడ్డీల మధ్య ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఒకప్పుడు బోర్డు ఉండేదట. ఇప్పుడు దాని ఇనప చట్రం ఒక్కటే మిగిలింది, దానికి పాత ట్యూబులు వేలాడదీస్తారు. కాబట్టి పేరు రాయడానికి లేదు. తెలుగు మేస్త్రీ షెడ్డు అని అడిగితే టీ కొట్టు వాళ్లు చెయ్యి చాపి చూపిస్తారు. అక్కడ చేయించుకున్న వెనక బ్రేకు పని గురించే ఈ రివ్యూ. ఇంజను పని, క్లచ్చు పని అక్కడ ఎలా చేస్తారో నాకు తెలీదు, నేను చేయించలేదు.

ముందు నా బండి సంగతి చెప్పాలి. హోండా షైన్ 125, ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులే. డిస్కు లేదు, చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ లేదు, ముందు వెనక బ్రేకుల్ని కలిపే సీబీఎస్ ఉంది. నేను సంతల్లో బట్టలమ్ముతాను. నైటీలు, లుంగీలు, తువ్వాళ్లు, పిల్లల గౌన్లు. శుక్రవారం కుందులి సంత ఎలాగూ తప్పదు, మిగతా రోజులు చుట్టుపక్కల చిన్న సంతలు. వెనక సీటు మీద ఒక పెద్ద మూట, రెండు పక్కలా సంచులు. సరుకు కోసం, అమ్ముడుపోనిది మార్చుకోవడం కోసం కొండల మీది నుంచి ఆంధ్రా వైపు సాలూరు దిగుతుంటాను. దిగేటప్పుడు ఖాళీగా దిగడం అనేది ఉండదు. కుందులిలో అల్లం చవగ్గా దొరికిందంటే సాలూరులో ఉన్న మా చిన్నక్కకి ఒక బస్తా కట్టాల్సిందే, లేకపోతే మా బావ నన్ను చూసే చూపు వేరేగా ఉంటుంది.

ఈ దారి తెలియనివాళ్ల కోసం: పాత నంబరు 43, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. సిమిలిగుడ, కుందులి, పొట్టంగి, సుంకి, ఆ తర్వాత ఘాటీ (కొండ దారి) దిగితే సాలూరు. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి మైదానంలోకి దిగే దిగుడంతా సుంకి దగ్గరే. రాయపూర్ వైపు నుంచి విశాఖకి వెళ్లే లారీలు చాలా ఈ దారినే వస్తాయి. చలికాలం పొద్దున్నపూట పొట్టంగి దగ్గర మంచు పట్టిందంటే ముందు లారీ ఎర్రలైటు ఒక్కటే దిక్కు. 1936లో ఒడిశా రాష్ట్రం వేరుపడే దాకా ఈ కోరాపుట్ సీమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడ తెలుగు మేస్త్రీ దొరకడంలో వింతేమీ లేదు. మా షెడ్డు మేస్త్రీ ఒక నోటితో తెలుగు, ఒడియా, దేశియా (ఇక్కడి స్థానిక భాష) మూడూ కలిపి తిడతాడు.

ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకి వెనక బ్రేకు మీద ఇంత రాయడం అతి అనిపించొచ్చు. వాళ్ల బండికి అది కొంతవరకు నిజమే. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తక్కువ, గట్టిగా తొక్కితే తిరగడం ఆగిపోయి జారుతుంది. అందుకే వట్టి బండిని ఆపడంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. నా బండి లెక్క వేరు. మూట బరువు దాదాపు అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. అంత బరువున్న చక్రం తొందరగా జారదు, కాబట్టి బ్రేకు ఎక్కువ పని చేయగలదు. వెనక భార్యని కూర్చోబెట్టుకుని, ముందు పిల్లని పెట్టుకుని తిరిగేవాళ్లకీ ఇదే లెక్క. మన ఊళ్లల్లో ఒక్కడే తిరిగే బండ్లెన్ని, చెప్పండి?

షెడ్డుకి వెళ్లేనాటికి నా బ్రేకు ఎలా ఉందంటే: పెడలు సగం దాకా ఉత్తినే దిగేది. ఆ తర్వాత ఒక్కసారిగా పట్టుకునేది, పట్టుకుంటూ కీచుమనేది. అంతకుముందు వేరే ఊళ్లో ఒక చోట షూలు, అంటే డ్రమ్ము లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు, మార్పించాను. కొత్త షూలే, డబ్బాలోంచి నా ఎదురుగానే తీశారు. నట్టు బిగించి పంపేశారు. కీచుమంటోందని మళ్లీ వెళ్తే, "కొత్తవి కదా, అరిగితే పోతుంది" అన్నారు. అరిగాయి గానీ కీచు పోలేదు.

మేస్త్రీ వయసు అరవై దాటి ఉంటుంది. బండి స్టాండు వేయగానే ఆయన బ్రేకు జోలికి వెళ్లలేదు. "ఏటి బాబూ, ఏటి మోస్తావు దీని మీద?" అని అడిగాడు. చెప్పాను. "ఎక్కడ దిగుతావు?" సుంకి అన్నాను. "చెప్పులేసుకుని నడుపుతావా, బూట్లా?" చెప్పులే. అప్పుడు నన్ను బండి మీద కూర్చోమని, కుడికాలు ఫుట్‌రెస్టు మీద పెట్టమని, వంగి నా మడమ చూశాడు. పెడలు ఎత్తు ఎక్కువైపోయింది. బ్రేకు వేయాలంటే నేను ప్రతిసారీ కాలు ఫుట్‌రెస్టు మీద నుంచి లేపాల్సి వస్తోంది. లేపిన కాలితో తొక్కితే శరీరం బరువుతో తొక్కుతాం, ఎంత తొక్కామో కాలికి తెలీదు. మడమ ఫుట్‌రెస్టు మీద ఆనించి ముందుపాదంతో నొక్కితేనే కొలిచి నొక్కగలం. కొత్త షూలు కొనడానికి వెళ్లినవాడికి మొదట దొరికిన వైద్యం ఇది, పైసా ఖర్చు లేదు. పెడలు ఎత్తు సరిచేసే బోల్టు ఒకటుంటుందని అంతకుముందు ఏ మెకానిక్కూ నాకు చెప్పలేదు.

చక్రం విప్పాక అసలు కథ. లోపలి దుమ్ముని నల్లటి గుడ్డతో తుడిచి, షూలు రెండూ నా చేతిలో పెట్టాడు. పైన గాజుపొర లాగా మెరుస్తోంది. వేడికి లైనింగు (షూ మీద డ్రమ్ముకి ఒరుసుకునే పొర) పైన గట్టిపడి నునుపెక్కిపోయింది, అందుకే పట్టు లేక కీచుమంటోంది. రెండు షూల అరుగుదల ఒకేలా లేదు. చక్రం తిరిగే దిశ వల్ల ఒక షూ దానంతటదే డ్రమ్ములోకి ఇంకా లాక్కోబడుతుంది, పని ఎక్కువ చేసేది అదే, అరిగేది కూడా అదే. అంతవరకు మామూలే అన్నాడు. మామూలు కానిది కామ్. పెడలు తొక్కితే తిరిగి, షూలని విడదీసి డ్రమ్ముకి ఆనించే చిన్న ఇనప ముక్క అది. ఎండిపోయి, తుప్పు పట్టి, తన గూట్లో బిగుసుకుపోయి ఉంది. పెడలు సగం దాకా ఉత్తినే దిగి ఒక్కసారిగా పట్టుకోవడానికి కారణం అదే. ఎన్ని కొత్త షూలు వేసినా ఆ రోగం పోదు.

ఇంకొకటి చూపించాడు, అది చూశాక నాకు కాసేపు మాట రాలేదు. షూలు బిగించి ఉండే బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా పట్టుకునే కడ్డీ ఒకటుంటుంది. దాని బోల్టుకి, నట్టు ఊడిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉండాలి. నా బండికి పిన్ను బదులు కరెంటు తీగ ముక్క చుట్టి ఉంది! ఆ నట్టు ఊడి కడ్డీ వదిలేస్తే, బ్రేకు తొక్కగానే ప్లేటంతా గిర్రున తిరిగి, పెడలు నుంచి వచ్చే బ్రేకు రాడ్డుని వంచేసి చక్రాన్ని పట్టేస్తుంది. దిగుడులో జరిగితే చెప్పేదేముంది. రివ్యూ చదివేవాళ్లు వేరే పని ఏదీ చేయకపోయినా, రేపు పొద్దున్న బండి పక్కన కూర్చుని ఆ పిన్ను ఉందో లేదో చూసుకోండి. మహా అయితే ఐదు రూపాయల వస్తువు.

ఇక పని చేసిన తీరు. కామ్ బయటికి లాగి, తుప్పంతా గీకి, గ్రీజు రాశాడు. రాశాడంటే చిటికెన వేలితో బొట్టు పెట్టినంత, అంతే. అసిస్టెంటు కుర్రాడు డబ్బాలో వేలు ముంచబోతే చెయ్యి మీద కొట్టాడు. ఎక్కువైన గ్రీజు వేడికి కరిగి లైనింగు మీదికి పాకుతుంది, ఆ తర్వాత షూలు పారేయాల్సిందే. డ్రమ్ము లోపలి కొలత వెర్నియరు పెట్టి చూశాడు. 130 డ్రమ్ము అరిగి 131కి చేరితే హబ్బు (డ్రమ్ము ఉండే చక్రం మధ్య భాగం) మార్చాలట. నాది ఇంకా ఆ దరికి రాలేదు. కంపెనీ షూలే వేయించాను. కొత్త లైనింగు అంచుల్ని ఆకురాయితో కొద్దిగా ఏటవాలు చేశాడు, డ్రమ్ము లోపల ఎమరీ కాగితంతో రుద్దాడు. అన్నీ బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు: ఇరుసు నట్టు పూర్తిగా బిగించే ముందు కుర్రాడిని పెడలు గట్టిగా తొక్కి పట్టుకోమన్నాడు. అలా తొక్కి ఉంచితే షూలు డ్రమ్ముకి ఆని, ప్లేటు మధ్యకి సర్దుకుంటుంది. అప్పుడు బిగిస్తే చక్రం ఎక్కడా రాసుకోదు. ఈ ఒక్క పని చేయని షెడ్లు ఎన్నో.

చైను ముందు సరిచేసి, బ్రేకు తర్వాత సెట్ చేశాడు. క్రమం ముఖ్యం. చైను బిగిస్తే చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో బ్రేకు రాడ్డు కొలత మారిపోతుంది. చైను బిగించి బ్రేకు ముట్టుకోకుండా పంపేసే మెకానిక్కుల దగ్గర మీ బ్రేకు ఎందుకు తేడాగా ఉందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఈ షెడ్డు మీద నాకు గౌరవం కుదిరింది మాత్రం ఆ తర్వాతి పనితో. "మూటేదీ?" అన్నాడు. ఇంట్లో ఉంది. "పట్టుకురా, వట్టి బండికి నేను సెట్టింగు చెయ్యను." వెళ్లి తెచ్చి కట్టాను. నేనూ ఎక్కి కూర్చున్నాక, స్టాండు తీసి, వెనక వంగి బ్రేకు రాడ్డు నట్టు తిప్పాడు. వెనక షాకులు బరువుకి దిగినప్పుడు చక్రం ఉన్న చోటు మారుతుంది, రాడ్డు లాగుడు కూడా మారుతుంది. ఖాళీ బండికి బాగానే ఉన్న ప్లే (పెడలు ఉత్తినే ఆడే దూరం), మూట కట్టాక తగ్గిపోయి షూలు డ్రమ్ముకి రాసుకుంటూ ఉండొచ్చు. నా పాత షూలు గాజులా మారడానికి ఇది కూడా ఒక కారణం అయుండొచ్చన్నాడు. పెడలు చివర రెండు, మూడు సెంటీమీటర్లు ఉత్తినే ఆడాలి, ఆ తర్వాత పట్టు మొదలవ్వాలి. చివరికి బ్రేకులైటు స్విచ్చు. పెడలు ఆడినంతసేపూ లైటు వెలగకూడదు, పట్టు మొదలవడానికి కొంచెం ముందు వెలగాలి. నా లైటు అంతకుముందు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. ఎప్పుడూ వెలిగే లైటుతో వెనకవాడికి మనం ఆగుతున్నామో లేదో తెలిసేదెలా?

సీబీఎస్ గురించి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. నా బండిలో వెనక పెడలు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పట్టుకుంటుంది. హీరోలో ఐబీఎస్ అన్నా, టీవీఎస్‌లో ఎస్‌బీటీ అన్నా దాదాపు ఇదే ఏర్పాటు. వెనక బ్రేకు తప్ప వేరేది ముట్టుకోనివాళ్లకి ఇది మేలే. ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతావురా అని చెప్పి చెప్పి మన పెద్దవాళ్లు ఒక తరాన్ని తయారుచేశారు కదా. అయితే పెడలు తొక్కితే వెనక చక్రం ఒక్కటే పట్టుకుంటుందనుకుని తడి బంకమట్టిలో ధీమాగా తొక్కడం కుదరదు, ముందు చక్రం కూడా కొంత బిగుస్తుంది. ఇంకో చిక్కు, రెండింటినీ కలిపే కేబులు కూడా సెట్టింగులో భాగమే. మేస్త్రీ బండి సెంటరు స్టాండు వేసి, ముందు చక్రం నేల విడిచేలా వెనక అణిచి, పెడలు మెల్లగా నొక్కిస్తూ ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. కేబులు జిడ్డు పట్టి బిగుసుకుపోతే ముందు షూలు వదలకుండా రాసుకుంటాయట. నా కేబులుకి నూనె చుక్కలు వేశాడు, అదనంగా డబ్బులు అడగలేదు.

కొత్త షూలతో వెంటనే ఘాటీ దిగొద్దని చెప్పాడు. కొత్త లైనింగు డ్రమ్ముకి అక్కడక్కడా మాత్రమే ఆనుతుంది. మొత్తం ఒరుసుకునే దాకా పూర్తి పట్టు రాదు. నేను కుందులి దాకా, చుట్టుపక్కల సంతలకి తిరిగి, మెల్లగా నొక్కుతూ వదులుతూ వాడాను. పెడలు కొద్దిగా దిగింది. మళ్లీ వెళ్తే నట్టు అర చుట్టు తిప్పాడు. దీనికి డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం నా లెక్కలో తాగాడు.

సుంకి ఘాటీలో ఇప్పుడు ఎలా ఉందో చెప్పాలి కదా. సాలూరు అంటేనే లారీల ఊరు. అక్కడి డ్రైవర్ల నోట్లో నానే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగు. బైకుకీ ఇదే వర్తిస్తుంది. దిగుడు మొదలవకముందే రెండో గేరుకో మూడో గేరుకో దిగి, యాక్సిలరేటరు వదిలేస్తే సగం బరువు ఇంజనే పట్టుకుంటుంది. మిగతా సగానికి వెనక బ్రేకు. పెడలు మీద కాలు ఆనించి ఉంచకూడదు. నొక్కి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ కాసేపే డ్రమ్ముకి చల్లారే టైము. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో దిగే మహానుభావుల్ని ఈ ఘాటీలో రోజూ చూస్తాను. వాళ్ల బరువంతా షూల మీదే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తగ్గుతుంది, పెడలు ఇంకా ఇంకా దిగుతుంది. కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి కాలి కింద ఏమీ ఉండదు. మిగిల్చిన పెట్రోలు ఎంత, ఒక గ్లాసుడు.

నా బండి ఇప్పుడు మూటతో దిగి, మధ్యలో ఆగి హబ్బు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఉంటోంది, చుర్రుమనడం లేదు. కీచు లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది, కాలికి కొలత దొరకడం. ఇంత నొక్కితే ఇంత తగ్గుతుంది అని పాదానికి తెలుస్తోంది. మలుపు ముందే రెండు బ్రేకులూ వేసి వేగం తగ్గించుకుంటాను. మలుపులోకి వంగాక ముందు బ్రేకు ముట్టుకోను, వెనకది మాత్రం ఈకంత ఆనిస్తాను. బండి వెనక భాగం కొద్దిగా కిందికి అణిగి, నిలకడగా తిరుగుతుంది. లారీల వెనక బారులో నడిచినంత వేగంతో పాకాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది కూడా వెనక బ్రేకే. ఆ వేగంలో హ్యాండిలు తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టుకుంటే మూటతో సహా పక్కకి ఒరగడమే. కొద్దిగా యాక్సిలరేటరు, సగం క్లచ్చు, దాని మీద వెనక బ్రేకు. కుందులి సంతలో కూరగాయల బుట్టల మధ్య బండి వెనక్కి తిప్పుకోవడం కూడా ఇలాగే. ఎక్కుడులో ఆగి మళ్లీ కదలాలంటే సరేసరి, ఎడం కాలు నేల మీద, కుడి కాలు పెడలు మీద, క్లచ్చు పట్టుకునే దాకా బండి వెనక్కి జారదు.

దిగుడులో వెనకది ఒక్కటే చాలనుకోకండి. వాలు వల్ల బరువు ఇంకా ముందుకి పోతుంది, మూట ఉన్నా సరే. ఏ మేకో అడ్డం వస్తే ముందు బ్రేకు లేకుండా బండి ఆగదు. ఒక్కసారిగా బిగించకుండా, మొదట మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ పోవాలి.

జారుడు సంగతి వస్తే మా దగ్గర రెండు చిక్కులు. ఒకటి చోడి (రాగి) పంట. పంట ఇంటికొచ్చే రోజుల్లో కంకులు తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బండ్లే నూర్చి పెడతాయి. ఆ గడ్డి మీద ఏ బ్రేకు వేసినా చక్రం ఆగిపోతుంది, బండి ఆగదు. దూరం నుంచే గేరు తగ్గించి, గడ్డి మీదికి వచ్చాక కాలూ చెయ్యీ రెండూ తీసేయడమే. వెనక చక్రం లాక్ అయ్యి జారుతోందంటే, బండి ఇంకా నిటారుగా ఉండగానే పెడలు వదిలి మళ్లీ మెత్తగా నొక్కాలి. అడ్డం తిరిగిపోయాక టక్కున వదిలితే అదే బండి మనల్ని అవతలికి విసురుతుంది. రెండోది వానాకాలం గెడ్డలు (వాగులు). పల్లె దారుల్లో నీళ్లు హబ్బు దాకా వస్తే డ్రమ్ములోకి దూరతాయి. దాటాక మొదటి బ్రేకు పలకదు. గట్టు ఎక్కగానే వెనక ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా పోతూ పెడలు కొద్దిగా నొక్కి ఉంచితే ఆ రాపిడి వేడికి ఆరిపోతుంది. షూలు మార్చాక కూడా ఇది మామూలే, డ్రమ్ము బ్రేకు స్వభావమే అంత. దాన్ని మేస్త్రీ ఖాతాలో వేయకండి.

బుల్లెట్ల వాళ్లు, వెనక డిస్కు ఉన్నవాళ్లు కూడా ఇదే షెడ్డుకి వస్తున్నారు. వాళ్లకి ఆయన చెప్పేది ఆయిలు సంగతి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టిన ఆయిలు ఘాటీ వేడికి తొందరగా మరిగి బుడగలు పుడతాయి, పెడలు మెత్తబడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమంటాడు. డిస్కు పని ఆయన చేతిలో ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

ఇక నచ్చనివి. టైము. పొద్దున్న ఇచ్చిన బండి మధ్యాహ్నం భోజనాల తర్వాతే చేతికొచ్చింది. చక్రం విప్పి పెట్టి, మధ్యలో ఎవరో ట్రాక్టరు వాడు పిలిస్తే వెళ్లిపోయాడు. కూర్చోడానికి కుర్చీ లేదు, పాత టైరు మీద కూర్చోవాలి. తెల్ల ప్యాంటుతో వెళ్లకండి. డ్రమ్ము దుమ్ముని నా బండికి గుడ్డతో తుడిచాడు గానీ, పక్క బండికి కుర్రాడు గాలి గొట్టం పెట్టి ఊదేశాడు. ఆ దుమ్ము పీలిస్తే మంచిది కాదు. పైగా పక్కనే పకోడీల బండి. అడిగితే కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. కుర్రాడి పని గురించి ఇంకో మాట: విప్పడం, బిగించడం బాగానే చేస్తాడు, ఆఖరి సెట్టింగు మాత్రం పెద్దాయనే చేయాలని పట్టుబట్టండి. కుర్రాడు సెట్ చేసిన ఒక ఆటో ఆయన అరగంటలో తిరిగి రావడం నేనక్కడే చూశాను.

బిల్లు ఇవ్వరు. అట్టముక్క మీద లెక్క రాసి చూపిస్తారు. షూలు, స్ప్రింగులు, పిన్ను, కూలి అంతా కలిపి ఐదు వందలకి లోపే అయ్యింది. ఫోన్‌పే తీసుకుంటారు, సిగ్నలు ఉంటే. పాత షూలు అడిగితే ఇచ్చేశాడు. అడగండి, మీ బండివి ఎలా అరిగాయో మీకే తెలుస్తుంది. ముందు బ్రేకు షూలు ఇంకా సగం ఉన్నాయని, ఇప్పుడు మార్చడం దండగని ఆయనే వద్దన్నాడు. వెనక ప్లేటు బయట, కామ్‌ని తిప్పే లివరు దగ్గర ఉన్న బాణం గుర్తు కూడా చూపించాడు. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం ప్లేటు మీది గీతకి వచ్చిందంటే షూలు అయిపోయినట్టు. దానికోసం నా దగ్గరికి రానక్కర్లేదు, ఇంట్లోనే చూసుకో అన్నాడు. గిరాకీ పోగొట్టుకునే మాటే, అయినా చెప్పాడు.

వెళ్లేవాళ్లు మూట ఉంటే మూటతో, పెళ్లాం పిల్లలతో తిరిగేవాళ్లయితే కనీసం వాళ్లంత బరువున్న బియ్యం బస్తాతో వెళ్లండి, వట్టి బండితో పోతే మళ్లీ ఇంటికి తిప్పి పంపుతాడు. రోజూ వేసుకునే చెప్పులే వేసుకోండి. శుక్రవారం షెడ్డు తెరిచే ఉంటుంది గానీ ఆ రోజు కుందులి వెళ్లే ఆటోలతోనే సరిపోతుంది ఆయనకి. శనివారం పొద్దున్న అయితే తీరిగ్గా దొరుకుతాడు.